జింకు బాడీ అంబాసిడర్ మీద రంగు పెచ్చులూడుతోంది: ప్రైమర్ తప్పా, వానాకాలం తప్పా?

రాయగడ రేకుబండి

అందరికీ నమస్కారం. 1:43 స్కేలు (అసలు కారులో 43వ వంతు) పోత లోహపు అంబాసిడర్ బొమ్మ కారు ఒకటి బాగుచేస్తున్నాను. రంగు రెండుసార్లు చెడింది. చేసింది చేసినట్టు రాస్తున్నా, తప్పెక్కడ జరిగిందో చెప్పండి.

మొదటిసారి కాస్టిక్ సోడా నీళ్ళలో రాత్రంతా నానబెట్టి పాత రంగు తీశాను. బాడీ నల్లబడింది. కడిగి ఆరబెట్టి, హార్డ్‌వేర్ షాపు రెడ్ ఆక్సైడ్ ఒక పూత, దానిమీద నల్ల సింథటిక్ ఎనామిల్ రెండు పూతలు బ్రష్‌తో వేశాను. నెల తిరక్కుండా డోర్ల అంచుల దగ్గర పొక్కులు లేచాయి. గోటితో గీకితే రెడ్ ఆక్సైడ్‌తో సహా పెచ్చు లేచి వస్తోంది, కింద తెల్లటి పొడి కనిపిస్తోంది.

రెండోసారి అదంతా గీకేసి నల్ల ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ స్ప్రే డబ్బా వాడాను. ఆగస్టులో, పొద్దున్న ఏడింటికి, వాన వెలిశాక. పది నిమిషాల్లో నలుపంతా పాలు కలిపినట్టు మసకేసింది.

ఇంకా మూడు సమస్యలున్నాయి. బానెట్ మీద సన్నటి చీలికలు రెండు ఉన్నాయి, లోహమే కుళ్ళుతోందేమోనని భయం. వెనక ఇరుసు వంగింది. అద్దాల ప్లాస్టిక్ నిండా గీతలు. అడుగుభాగం రివెట్లతో బిగించి ఉంది కాబట్టి లోపలివేవీ ఇంకా తియ్యలేదు. ఇక్కడ హాబీ షాపు లేదు, విజయనగరమో విశాఖో రైల్లో వెళ్ళి తెచ్చుకోగలను.

బరంపురం స్ప్రేగన్

మీ రెండు వైఫల్యాలకూ కారణాలు వేరు. ముందు మొదటిది, అదే పెద్దది.

ఈ కార్ల బాడీ ఇనుము కాదు. సుమారు 96 శాతం జింకు, 4 శాతం అల్యూమినియం ఉన్న జమాక్ అనే మిశ్రమ లోహం. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఇనుప గేట్ల కోసం తయారైంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే రెడ్ ఆక్సైడూ, సింథటిక్ ఎనామిలూ రెండూ నూనె ఆధారపు ఆల్కిడ్ రంగులు. వాటిలోని కొవ్వు ఆమ్లాలు జింకుతో కలిసి, రంగుకూ లోహానికీ మధ్య జింకు సబ్బు పొర తయారవుతుంది. ఆ పొర పెళుసుది, పట్టు ఉండదు. అందుకే మీ రంగు పైపైన కాదు, ప్రైమర్‌తో సహా లేచివచ్చింది. చెమ్మ ఉన్న నెలల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఇదే రెడ్ ఆక్సైడ్ ఇంకో రెండు పూతలు వేసినా లాభం లేదు.

జింకుకు కావలసింది కార్ల పెయింటింగ్ షెడ్లవాళ్ళు వాడే వాష్ ప్రైమర్, కొందరు ఎచ్ ప్రైమర్ అంటారు. అందులోని ఫాస్ఫారిక్ ఆమ్లం లోహాన్ని కొద్దిగా కొరికి పట్టు తెస్తుంది. ఆటో పెయింట్ షాపులో అడిగితే రెండు డబ్బాల సెట్టుగా ఇస్తారు. డబ్బా మీద రాసిన పాళ్ళలోనే కలపాలి, కలిపింది ఆ పూటకే. 1:43 కారుకు కలిపిన ప్రైమర్ 10 మిల్లీలీటర్లు చాలు. లోహం లీలగా కనిపించేంత పలచగా, 8-10 మైక్రాన్లు మించకుండా ఒకే పూత. మందంగా వేస్తే లోపలి ఆమ్లం ఆరక మళ్ళీ పొక్కులే. దాన్ని వాటర్ పేపర్‌తో రుద్దకూడదు. దానిమీద నేరుగా పాలిస్టర్ పుట్టీ గానీ ఎపాక్సీ గానీ పెట్టకూడదు, కింది ఆమ్లం వాటిని సరిగ్గా గట్టిపడనివ్వదు. మధ్యలో మామూలు గ్రే సర్ఫేసర్ (రంగుకు ముందు ఉపరితలాన్ని నున్నన చేసే పూత) ఒక పూత ఉండాలి. ఈ ప్రైమర్లలో చాలావాటికి పసుపు రంగు క్రోమేట్ వల్ల వస్తుంది, అది విషం. బ్రష్ వద్దు, చేతికి అంటనివ్వద్దు, ఆరుబయట కార్ట్రిడ్జి మాస్కు పెట్టుకునే కొట్టండి. గుడ్డ మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపదు.

రెండోది చెమ్మ. లాకర్ థిన్నర్ గబగబా ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి పూత మీద నీరు పట్టి రంగులో ఇరుక్కుంటుంది, అదే ఆ పాల మసక. గోపాలపురం సముద్రపు గాలి తగిలే మా ఊళ్ళో ఇది ఇంకా ఎక్కువ. వాన వెలిసిన పొద్దున్న ఏడు గంటలంటే రోజు మొత్తంలో గాలి తడిగా ఉండే వేళ. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు లోపు, తేమ మీటరు 65 శాతం కంటే తక్కువ చూపిస్తేనే కొట్టండి. చిన్న డిజిటల్ తేమ మీటరు కొని పెట్టుకోండి, ఈ పనిలో దానంత పనికొచ్చే సామాను ఇంకోటి లేదు. స్ప్రే డబ్బాను 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచి వాడితే తుంపర సన్నగా పడుతుంది. పొయ్యి దగ్గరకు మాత్రం ఎప్పుడూ తీసుకెళ్ళొద్దు.

మసకేసిన పూతను గీకక్కర్లేదు. పొడి రోజు చూసి, నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ పలచగా ఒక్క తుంపర కొడితే పై పొర మెత్తబడి తేమ బయటికి పోతుంది. అయినా మీ కారుకు కింద పట్టే లేదు కాబట్టి మొత్తం తీసేయడమే మేలు.

పర్లాకిమిడి ఆకురాయి

రంగు సంగతి పై ఆయన చెప్పారు. నేను లోహం సంగతి చెప్తాను.

కుళ్ళు అంటే జింకు తెగులు. పోత పోసేటప్పుడు జింకులో సీసం కలిస్తే, ఏళ్ళు గడిచేకొద్దీ లోహపు రేణువుల మధ్య తుప్పు పాకి, బాడీ ఉబ్బి పగిలిపోతుంది. అందుకే ఈ పోత లోహంలో సీసం 0.005 శాతం దాటకూడదని ప్రమాణం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పోసిన బొమ్మల్లో ఈ తెగులు ఎక్కువ. ఏటంటే, తెగులు ఒక్కచోట ఆగదు. చీలికలు సాలెగూడులా అల్లుకుంటాయి, డోర్లు బిగుసుకుపోతాయి, బాడీ పొడుగు పెరుగుతుంది. దీనికి మందు లేదు, పైన ఏ పూత వేసినా ఆగదు. పోలిక కోసం ఒక కొలత: అంబాసిడర్ ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య దాకా 2464 మిల్లీమీటర్లు, 43తో భాగిస్తే 57.3. వెర్నియర్‌తో ఎడమా కుడీ రెండువైపులా కొలవండి. రెండూ సమానంగా ఉండి డోర్లు ఆడుతుంటే భయం లేదు. మీరు చెప్పిన తెల్లపొడి పైపై తుప్పు మాత్రమే. రెండు చీలికలూ పోతపోసినప్పుడు లోహం కలవని గీతలు కావచ్చు, భూతద్దంలో నున్నగా ఒకే దారిలో పోతుంటే అవే.

రివెట్లు: గుండు మధ్యలో సెంటర్ పంచ్‌తో చుక్క పెట్టి, 1.5 మి.మీ. బిట్టుతో చిన్న దారి చెయ్యాలి. తర్వాత 4 మి.మీ. బిట్టుతో విచ్చుకున్న తల మాత్రమే చెక్కాలి, కింది స్తంభం జోలికి పోవద్దు. డ్రిల్ నెమ్మదిగా తిప్పండి, జింకు మెత్తనిది కాబట్టి బిట్టును ఒక్కసారిగా లాగేసుకుంటుంది. అడుగుభాగం ఊడాక స్తంభంలో 1.6 మి.మీ. రంధ్రం 6 మి.మీ. లోతుకు వేసి, ఎం2 (2 మి.మీ. మర) ట్యాప్‌తో మర తియ్యండి. కిరసనాయిలు చుక్క వేసి అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పకపోతే పొట్టు ఇరుక్కుని ట్యాప్ లోపలే విరుగుతుంది, ఆ తర్వాత ఆ స్తంభాన్ని వదులుకోవలసిందే. మళ్ళీ బిగించడానికి ఎం2, 5 మి.మీ. స్క్రూలు.

ఇరుసు: వంగినదాన్ని సరిచెయ్యొద్దు, మళ్ళీ వంగుతుంది. సైకిల్ షాపులో 14 గేజి స్పోక్ తీసుకోండి, సరిగ్గా 2 మి.మీ. ఉంటుంది. పాత ఇరుసు మందం కొలిచి చూసుకుని, కోసి, కొసలు ఆకురాయితో గుండ్రం చెయ్యండి. టైర్లు ఎండి పగిలితే పంపుసెట్ల, బేరింగుల దుకాణంలో ఓ-రింగులు అడగండి. అంబాసిడర్ రిమ్ 15 అంగుళాలు, అంటే 43వ వంతు 8.9 మి.మీ. లోపలి కొలత 8 మి.మీ., మందం 3 మి.మీ. ఉన్న రింగు కాస్త సాగి గట్టిగా కూర్చుంటుంది.

అద్దాలు: 1500, 2000, 2500 నంబర్ల వాటర్ పేపర్లు వరసగా, నీళ్ళతో. ఆ తర్వాత కార్ల రబ్బింగ్ కాంపౌండ్, మెత్తటి గుడ్డ, చేత్తోనే. మా ఊళ్ళో కొమ్ము పనివాళ్ళు బొమ్మలకు మెరుగు పెట్టే బఫ్ చక్రం చూసి ప్లాస్టిక్ మీద కూడా వాడబోతారు కొందరు. కొమ్ము ఆ వేడికి తట్టుకుంటుంది, అద్దాల ప్లాస్టిక్ క్షణంలో కరిగి ముడుచుకుంటుంది. తిరిగి అతికించేటప్పుడు ఫెవిక్విక్ అసలొద్దు, దాని ఆవిరి అద్దం మీద తెల్ల మరక కడుతుంది. మామూలు తెల్ల ఫెవికాల్ అంచుకు సన్నగా రాయండి, ఆరితే కనిపించదు.

గుణుపురం గరుకుకాగితం

కాస్టిక్ సోడాను పూర్తిగా తప్పుపట్టొద్దు. తప్పు రాత్రంతా ఉంచడంలో ఉంది. సోడా జింకునూ అల్యూమినియాన్నీ రెండింటినీ తింటుంది, బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, మిగిలే నల్లటి మసి తినేసిన లోహం. లీటరు నీళ్ళకు 30 గ్రాములు, ప్లాస్టిక్ గిన్నెలో, 15 నిమిషాలు. నీళ్ళలో సోడా వెయ్యాలి, సోడా మీద నీళ్ళు పొయ్యకూడదు. చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి, అగ్గి దగ్గర వద్దు. రంగు పూర్తిగా పోకపోతే పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మళ్ళీ 10 నిమిషాలు. అంతే.

ఆ తర్వాతి పనే చాలామంది వదిలేసేది. రివెట్ స్తంభాల్లో, డోర్ల కీళ్ళలో సోడా దాక్కుంటుంది. ఎంత మంచి ప్రైమర్ వేసినా అక్కడినుంచే పొక్కు లేస్తుంది. మీకు డోర్ల అంచుల దగ్గరే మొదలైందన్నారు కదా, అదీ ఒక కారణం కావచ్చు. కుళాయి కింద బాగా కడిగి, నీళ్ళలో పదోవంతు వెనిగర్ కలిపి రెండు నిమిషాలు ముంచి, మళ్ళీ కడిగి, ఎండలో గంట పెట్టండి. నల్లమసిని 400 నంబర్ వాటర్ పేపర్‌తో లోహం తెల్లగా తేలేదాకా తియ్యాలి. అప్పట్నించి వేళ్ళు తగలకూడదు. స్పిరిట్‌తో తుడిచి, అదే రోజు ప్రైమర్ కొట్టెయ్యాలి.

ప్లాస్టిక్ భాగాలు ఒక్కటి కూడా సోడాలోకి వెళ్ళకూడదు. బంపర్ల మెరుపు పూత నిమిషాల్లో పోతుంది. ప్లాస్టిక్ మీది రంగు తియ్యాలంటే బ్రేక్ ఆయిల్, డాట్ 3 రకం, కొన్ని గంటలు. థిన్నర్ గానీ అసిటోన్ గానీ తగిలితే ప్లాస్టిక్ కరిగిపోతుంది.

రాయగడ రేకుబండి

అందరికీ ధన్యవాదాలు. కొలిచాను. ఎడమవైపు 57.4, కుడివైపు 57.3, డోర్లు ఆడుతున్నాయి. చీలికలు రెండూ ఒకే దిక్కుకు నున్నగా ఉన్నాయి. ఇక లోహం సంగతి వదిలేస్తాను.

రెండు సందేహాలు. ఎన్ని పూతలు వెయ్యాలి? పాత ఒడిశా నంబర్ ప్లేటు ఎంత సైజులో చెయ్యాలి?

బరంపురం స్ప్రేగన్

పూతల లెక్క స్కేలు చెప్తుంది. 1:43లో 0.1 మి.మీ. రంగు అంటే అసలు కారు మీద 4.3 మి.మీ. మందం. అసలు కారులో డోరుకూ బాడీకీ మధ్య సందే అంత ఉంటుంది. బ్రష్‌తో రెండు పూతల ఎనామిల్, కింద రెడ్ ఆక్సైడ్ కలిస్తే ఆ సందులు పూడి, కారు సబ్బుబిళ్ళలా కనిపిస్తుంది. అందుకే ప్రైమర్‌కు ముందే సూదితో డోరు గీతల్లో పాత రంగంతా గీకి శుభ్రం చెయ్యండి.

నా వరస ఇది: వాష్ ప్రైమర్ ఒకటి, గ్రే సర్ఫేసర్ పలచగా ఒకటి, 800 నంబర్‌తో తేలిగ్గా రుద్దడం, నలుపు మూడు తుంపర పూతలు. మొదటిది చుక్కలు చుక్కలుగా, మిగతా రెండూ తడిగా. పూతకూ పూతకూ 15 నిమిషాలు. డబ్బా అయితే 20-25 సెం.మీ. దూరం, ఎయిర్‌బ్రష్ అయితే 0.3 మి.మీ. నాజిల్, 15-20 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి, 8-10 సెం.మీ. దూరం. రంగు పాలంత పలచగా ఉండాలి. తుంపర కారుకు ముందే మొదలై కారు దాటాక ఆగాలి. బాడీ మీద ఆపితే అక్కడే జారుతుంది. ఆ తర్వాత అట్టపెట్టెలో చిన్న పాత బల్బు పెట్టి, 40 డిగ్రీలు దాటకుండా ఒక రాత్రి ఉంచండి. దుమ్ము పడదు, చెమ్మా తగలదు. వారం దాకా కాంపౌండ్ పెట్టొద్దు.

బానెట్ గీతల్ని సర్ఫేసర్ తర్వాత ఎన్‌సీ పుట్టీతో పూడ్చండి. ఒకేసారి నింపితే ఆరాక కుంగుతుంది, పలచగా రెండు విడతలుగా పెట్టండి.

జయపురం జింకుబండి

ప్లేటు సంగతి నాకు వదిలేయండి. ఇప్పటి కార్ల ప్లేటు 500 x 120 మి.మీ., 1:43లో 11.6 x 2.8 మి.మీ. అంబాసిడర్ వెనక డిక్కీ మీద రెండు వరసల ప్లేటు కూడా ఉంటుంది కాబట్టి మీ బొమ్మ మీద ఉన్న దిమ్మె కొలిచి దానికి తగ్గట్టు మార్చుకోండి. ఒడిశాలో OD అక్షరాలు వచ్చింది 2012లో, అంతకు ముందు OR. మీ రాయగడకు 18, మా కోరాపుట్‌కు 10, గంజాంకు 07, గజపతికి 20. అంబాసిడర్ ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 దాకా తయారైంది కాబట్టి రెండూ చెల్లుతాయి. కానీ పాత సొంత కారుగా చూపించాలంటే OR-18తో, నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలే నప్పుతాయి.

ఇంక్‌జెట్ ప్రింటరు తెలుపు అచ్చెయ్యదు. నల్ల ప్లేటుకు తెల్ల డెకాల్ కాగితం (నీళ్ళలో నానబెట్టి అతికించేది) తీసుకుని చుట్టూ నలుపు అచ్చేయించండి, అక్షరాలు కాగితపు తెలుపుగా మిగులుతాయి. ఇంక్‌జెట్ సిరా నీళ్ళలో కరుగుతుంది, ముందే క్లియర్ (రంగులేని) లాకర్ రెండు తుంపరలు కొట్టి ఒక రోజు ఆరనివ్వాలి. లేజర్ ప్రింటు అయితే ఆ బాధ తక్కువ. కోసిన అంచులు తెల్లగా కనిపిస్తాయి, నల్ల మార్కర్ కొసతో తాకించండి.

బంపర్లకూ గ్రిల్‌కూ క్రోమ్ పెన్ను వాడితే, దానిమీద క్లియర్ కొట్టొద్దు, మెరుపు చచ్చి బూడిదరంగు అవుతుంది. అందుకే బాడీ రంగు, దానిమీద క్లియర్ వేస్తే అదీ పూర్తిగా ఆరాకే క్రోమ్ పని. పెన్ను పూసిన చోటు ఒకట్రెండు రోజులు ముట్టుకోకండి, వేలిముద్ర పడితే మళ్ళీ తుడిచి వెయ్యాల్సిందే.