పడవ మీద మాత్రమే చేరగల తీరంలో చెత్త ఏరడం: వలలను ఏం చేయాలి?

ప్రశ్న:

నమస్కారం. మేము ఇరవై ఐదుమంది స్వచ్ఛంద కార్యకర్తలము. కృష్ణా జిల్లా నాగాయలంక మండలంలో, పడవ మీదనే చేరవలసిన ఈలచెట్లదిబ్బ వైపు సముద్రతీరాన్ని శుభ్రం చేయాలనుకుంటున్నాము. సెప్టెంబరు మూడవ శనివారం అంతర్జాతీయ తీర శుభ్రతా దినం కాబట్టి ఆ రోజునే పెట్టుకుందామని ఆలోచన. ఇంతకుముందు మరొక తీరంలో ఇదే పని చేసినప్పుడు, వస్తానన్న ట్రాక్టరు రాకపోవడంతో నింపిన బస్తాలను ఒడ్డునే వదిలి వచ్చాము. వారం తరువాత వెళ్లి చూస్తే సగం బస్తాలు పోటుకు కొట్టుకుపోయి ఉన్నాయి. ఈసారి అలా జరగకుండా ఏం చేయాలి? ఇసుకలో కూరుకుపోయిన వలలను ఎలా తీయాలి?

సమాధానం 1 (ఇటువంటి పనులు నడిపిన సభ్యురాలు):

మీరు చెప్పిన తప్పు నేనూ చేశాను. ఏరడం కంటే మోయడమే అసలు పని. కనుక ముందుగా పడవవారితో మాట్లాడి, ఒక్కో విడతకు ఎంత బరువు ఎక్కించుకోగలరో, రేవులో దించిన తరువాత దానిని ఏ బండి, ఎక్కడికి తీసుకుపోతుందో పంచాయతీవారితో ఖరారు చేసుకొని, ఆ బరువుకు మించి ఒక్క బస్తా కూడా నింపవద్దు. సీషెల్స్ దేశంలోని అల్డాబ్రా పగడపు దీవిలో 2019లో కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలు ఐదు వారాలు శ్రమించి సుమారు 25 టన్నులు తొలగించగలిగారు. ఇంకా 500 టన్నులకు పైగా మిగిలి ఉందని పరిశోధకులు అంచనా కట్టారు, అందులో బరువు ప్రకారం ఎనభై శాతానికి మించినది చేపల వేట సామగ్రే. తీరం మొత్తం ఒక్క రోజులో అద్దంలా చేస్తామనే ఆశ పెట్టుకోకుండా, అర కిలోమీటరు గుర్తు పెట్టుకొని, ఆ మేర చెత్తను పూర్తిగా ఊరు దాటించండి.

సమాధానం 2 (అటవీశాఖలో పనిచేసి విరమించిన సభ్యుడు):

తేదీ విషయంలో నా అభిప్రాయం వేరు. సెప్టెంబరులో ఏరితే, ఆ తరువాత వచ్చే కృష్ణా వరదా తుపాన్లూ కలిసి అంత చెత్తనూ మళ్లీ తెచ్చి పోస్తాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద ఎంత చెత్తను దిగువకు మోసి ఉంటుందో ఊహించండి. నన్నడిగితే, వాతావరణశాఖ హెచ్చరికలు చూసుకొని డిసెంబరు మొదటి పక్షంలో వెళ్లడం మేలు, ఎందుకంటే ఆ తరువాతే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కువగా ఒడ్డెక్కుతాయి. వాటి దారికి అడ్డుపడే వలలు అప్పటికే తొలగి ఉంటాయి. ఒక్కో తల్లి తాబేలు దాదాపు వంద గుడ్లు పెడుతుంది, అవి పొదగడానికి నెలన్నర నుండి రెండు నెలలు పడుతుంది. కాబట్టి జనవరి నుండి మే వరకు ఆ తీరంలో పారతో తవ్వనే కూడదు. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఆ పరిసరాల్లోనే ఉంది గనుక, మీరు ఎంచుకున్న చోటు హద్దు లోపలిదో బయటిదో అటవీశాఖ రేంజి కార్యాలయంలో కనుక్కొని, రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఇసుకను పట్టి ఉంచే ఊదారంగు పూల తీగను చెత్తతోపాటు పీకేయకండి. ఉత్సాహంలో విద్యార్థులు చేసే పొరపాటు ఇదే.

సమాధానం 3 (మత్స్యకార కుటుంబానికి చెందిన సభ్యుడు):

ఒడ్డున కనిపించిన ప్రతి వలా చెత్త కాదండీ. గుంజకు కట్టి ఉన్నదీ, బెండ్లు సరిగా ఉన్నదీ ఎవరిదో ఒకరిది అయి ఉంటుంది. ముందు రోజు సాయంత్రమే ఊరి పెద్దలను కలిసి, వారు పంపిన మనిషిని వెంటబెట్టుకొని వెళ్లండి. కూరుకుపోయిన వలను నలుగురు కలిసి లాగితే అది రాదు, నడుములు పడతాయి. చుట్టూ ఇసుక తవ్వి, బయటపడినంత మేర కొడవలితో కోసి, ముక్కలుగా తీయాలి. ఉదయమే కోసి ఎండలో పరిచి, మధ్యాహ్నం ఇసుక దులిపి కట్టండి. తడి వలను పడవెక్కిస్తే మీరు మోసేది నీళ్లూ ఇసుకే. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పాటు (సముద్రపు నీరు వెనక్కి తగ్గడం) బాగా తీస్తుంది కాబట్టి మామూలుగా మునిగి ఉండే వలలు కూడా బయటపడతాయి. కానీ ఆ రోజుల్లోనే పోటు కూడా పైదాకా వస్తుంది, బస్తాలను తిన్నె మీద పెట్టండి.

ప్రశ్నించినవారు:

ధన్యవాదాలు. తేదీని డిసెంబరుకు మార్చుకుంటాము. చివరగా రెండు సందేహాలు: పడవ ఎక్కని వలలను అక్కడే కాల్చవచ్చునా? సిరంజీలు, మూత బిగించిన డబ్బాలు కనిపిస్తే ఏం చేయాలి?

సమాధానం 1 ఇచ్చిన సభ్యురాలు:

కాల్చకండి. విషపు పొగ సంగతి అటుంచితే, కరిగిన వల నల్లటి ముద్దలై ఇసుకలో కలిసిపోతుంది, దానిని ఇక ఎవరూ ఏరలేరు. వలలను రకాలవారీగా వేరు చేస్తే పాత సామాన్ల వ్యాపారి తీసుకునే అవకాశం ఉంది: చిన్న ముక్కను బకెట్టు మంచినీటిలో ముంచి, గాలి బుడగలు పోయేలా నలిపి వదలండి. నైలాన్ మునుగుతుంది, పాలిథీన్ తేలుతుంది. సిరంజీలను చేతితో ముట్టకుండా పట్టకారుతో తీసి, మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి, తిరిగి వచ్చాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అప్పగించండి. మూత బిగించిన పీపాలనూ, ఏమిటో తెలియని లోహపు గొట్టాలనూ తెరవవద్దు, కదపవద్దు. దూరంగా జరిగి, తీర రక్షక దళం నంబరు 1554కు ఫోన్ చేసి చోటు చెప్పండి. అక్కడ ఫోన్ సంకేతం అందుతుందో లేదో పడవవారిని ముందే అడిగి ఉంచుకోండి.