మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో అందరికీ పచ్చచుక్కే, పని మాత్రం కదలట్లేదు

ప్రశ్న:
మా టీమ్‌లో 8 మంది. స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న మీటింగ్‌లో) అందరూ "నడుస్తోంది" అంటారు. స్ప్రింట్ (ఒకటి రెండు వారాల పని విడత) చివరికి సగం టికెట్లు, అంటే రాసిపెట్టుకున్న పనులు, మిగిలిపోతున్నాయి. బిజీగా నటించేవాళ్లను ఎలా కనిపెట్టాలి?

జవాబు:
టీమ్స్‌లో పేరు పక్కన 'అందుబాటులో ఉన్నారు' అని చూపే ఆకుపచ్చ చుక్కను నమ్మకండి సార్. సుమారు 5 నిమిషాలు మౌస్, కీబోర్డ్ కదలకపోతే టీమ్స్ పసుపు చూపిస్తుంది. కాగితం మీద డిజైన్ గీసేవాళ్లు లేనట్టే లెక్క. యూఎస్‌బీ జిగ్లర్ (మౌస్‌ను తనంతట తానే కదిలించే పరికరం) పెట్టినవాళ్లేమో పొద్దంతా పచ్చగా ఉంటారు, ఎందుకంటే కంప్యూటర్ దాన్ని మామూలు మౌస్‌గానే గుర్తిస్తుంది. 2024లో అమెరికా బ్యాంకు వెల్స్ ఫార్గో కీబోర్డ్ కదలికల్ని నకిలీ చేశారంటూ డజనుకు పైగా ఉద్యోగుల్ని తీసేసింది. నిఘా పెరిగితే నటన కూడా తెలివిమీరుతుంది, అంతే.

టికెట్లను నమోదు చేసే సాఫ్ట్‌వేర్ జిరాలో కంట్రోల్ చార్ట్ తెరిచి, టికెట్ మొదలుపెట్టాక ముగియడానికి ఎన్ని రోజులు పడుతోందో చూడండి. బోర్డ్ సెట్టింగ్స్‌లో 'ఇన్ ప్రోగ్రెస్' (జరుగుతున్న పనులు) కాలమ్‌కి గరిష్ఠం 8 టికెట్లు పెట్టండి.

మరో జవాబు:
గరిష్ఠం దాటితే కాలమ్ ఎర్రబడుతుంది గానీ టికెట్‌ను ఆపదు, ఆపాల్సింది మీరే. అసలు చాలాచోట్ల అది నటన కాదండీ, రివ్యూ (పూర్తయిన పనిని మరొకరు సరిచూడటం) కోసం పడిగాపులు. అప్రూవల్ ఒకరిద్దరు సీనియర్ల చేతిలోనే ఉంటే, మిగతావాళ్లు ఖాళీగా కనబడకూడదని కొత్త టికెట్లు తెరుస్తారు. ముందు 'రివ్యూ'కి వేరే కాలమ్ పెట్టండి, పని ఎక్కడ పేరుకుంటోందో వారంలో తేలిపోతుంది. పొద్దున గంట, మధ్యాహ్నం గంట రివ్యూకే కేటాయించండి. స్టాండప్‌లో "నిన్న ఏం చేశావు" అని కాకుండా "ఇది ఎందుకు ఆగింది" అని అడగండి.