తెల్లవారుజామున ముహూర్తం, ఫ్లాష్ వద్దంటున్న పెళ్ళికూతురు: ఎవరి మాట వినాలి?

సాగర్‌నగర్ కెమెరా:
రుషికొండ దగ్గర తోటలో పెళ్ళి ఒప్పుకున్నాను. మాఘమాసం, తెల్లవారుజామున 4:10కి ముహూర్తం, ఆరుబయట మండపం. పెళ్ళికూతురు ఫోన్ చేసి, "అన్నా, మా అక్క పెళ్ళి ఫొటోల్లో అందరి మొహాలూ సున్నం కొట్టినట్టున్నాయి. నాకు ఫ్లాష్ ఒద్దు, వీడియో లైట్లూ ఒద్దు" అంది. అరగంటకి వాళ్ళ నాన్నగారు: "బాబూ, జీలకర్రబెల్లం ఫొటో చీకటిగా వస్తే మాత్రం ఊరుకోను." నాకైతే ఆ అమ్మాయి మాటే సబబనిపిస్తోంది. మీరేమంటారు?

మర్రిపాలెం మామయ్య:
డబ్బిచ్చేది నాన్నగారు. ఇంకేటి ఆలోచన? నేను రీలు కెమెరాతో మొదలెట్టినోణ్ణి. రీలుకి 36 బొమ్మలు, అందులో జీలకర్రబెల్లానికి రెండో మూడో. గట్టిమేళం ఎత్తుకున్నాక మీకు దొరికేది రెండు సెకన్లు. అడ్డుతెర పట్టుకున్నోళ్ళ మోచేతులు, మేనత్తల తలకాయలు, వాటి సందులోంచి కొట్టాలి. అప్పుడు ఫ్లాష్ వెలగలేదంటే ఆ ఇంట్లో పెళ్ళి జరగనట్టే. కళ కావాలంటే సాయంత్రం బీచ్‌లో తీసుకోండి.

అల్లిపురం అమ్మాయి:
మామయ్యగారూ, నాది కిందటేడు పెళ్ళి. జీలకర్రబెల్లం పెట్టుకుని ఒకరినొకరు చూసుకోవాల్సిన ఘడియలో "ఇటు చూడమ్మా, ఇంకోసారి చెయ్యి పెట్టండి సార్" అని మూడుసార్లు పెట్టించారు. పంతులుగారు మంత్రం ఆపి నిలబడ్డారు. ఆ క్షణం అంటే నాకిప్పటికీ మా ఆయన మొహం గుర్తురాదు, ఎదురుగా తెల్లటి లైటే గుర్తొస్తుంది. ఆల్బమ్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది, బీరువాలో.

సిరిపురం కుర్రాడు:
ఫ్లాష్ పైకి తిప్పి కొడితే మెత్తగా పడుతుంది కదా, గొడవేముంది?

షట్టర్ పిచ్చోడు:
తమ్ముడూ, ఆరుబయట పైన ఉండేది ఆకాశం. దేనికి తగిలి తిరిగొస్తుంది? తెల్ల షామియానా ఉంటే వేరే మాట.

అసలు గొడవ ఫ్లాష్‌తో కాదు, డెకరేషన్ వాళ్ళ సీరియల్ బల్బులతో. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే చవక ఎల్‌ఈడీలు సెకనుకి వందసార్లు మిణుకుతాయి. కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టర్ 500లో, అంటే సెకనులో ఐదువందలో వంతు మాత్రమే తెరుచుకునేలా పెట్టావంటే పెళ్ళికొడుకు నుదుటిమీద నల్లచారలు. 100లోనో 50లోనో ఉండు. ఐఎస్ఓ, అంటే వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి, 6400కి వెళ్ళినా ఇప్పటి కెమెరాలు తట్టుకుంటాయి, ఎక్కువ వెలుగుని లోపలికి వదిలే 1.8 లెన్స్ ఉంటే ఇంకా కిందే ఆగొచ్చు. మధుపర్కాలు తెల్లబట్టలు కాబట్టి ఉన్న వెలుగునే మొహాలమీదకి విసురుతాయి. ఫ్లాష్ నేరుగా కొడితే అదే తెలుపు కాలిపోయి, ఎర్రంచు తప్ప ఇంకేం మిగలదు.

ముందురోజే డెకరేషన్ కుర్రాళ్ళకి టీ ఇప్పించి, మండపం రెండు మూలల్లో ఎత్తుగా పసుపు లైట్లు పెట్టించుకో. టీ ఖర్చు నీదే.

కానీ తలంబ్రాల దగ్గర మాత్రం నేను మామయ్య పార్టీ. 100లో బియ్యం గీతల్లా సాగిపోతాయి. గింజ గింజా గాల్లో నిలబడాలంటే ఫ్లాష్ కొట్టాల్సిందే.

మర్రిపాలెం మామయ్య:
సగం దారికొచ్చారు, సంతోషం. ఇంకోటి వినండి. చలికాలం పెళ్ళికి ఫ్లాష్ కంటే పెద్ద శత్రువు ఏసీ రూము. ఓసారి భీమిలి పెళ్ళిలో రాత్రంతా ఏసీలో పెట్టిన కెమెరా బయటికి తీసీసరికి లెన్స్ మీద ఆవిరి పట్టీసింది. సముద్రపు గాలి, తేమ. తుడిస్తే మళ్ళీ పట్టీడమే. గౌరీపూజ మొత్తం పోయింది. పెళ్ళికూతురి అమ్మమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. జిప్పు తియ్యకుండా సంచీని గంట ముందే బయట పెట్టండి.

అల్లిపురం అమ్మాయి:
ఒక కోరిక. అరుంధతిని నిజంగా చూపించండి. నాకు పగలు పదింటికి ఎండలో చూపించారు, కనిపించిందా అంటే కనిపించిందన్నాను.

షట్టర్ పిచ్చోడు:
మంచి మాట. మాఘంలో ఆ వేళకి సప్తర్షులు ఉత్తరాన బాగా ఎత్తులో ఉంటాయి. 5 గంటలకి ఇంకా చీకటే, సూర్యుడు సముద్రంలోంచి లేచేసరికి 6:25 అవుతుంది. స్టాండు మీద పెట్టి నాలుగైదు సెకన్లు తెరిస్తే వశిష్ఠుడి పక్కన చిన్న చుక్క పడుతుంది. జంట కదలకూడదు. చలికి వణికితే చెప్పలేను.

సాగర్‌నగర్ కెమెరా:
నిన్న తెల్లారి నాలుగింటికి తోటకెళ్ళాను. పెళ్ళికూతురి తమ్ముణ్ణి లేపి పీటమీద కూర్చోబెట్టి, రెండు పసుపు లైట్లతో తీశాను. మంకీ క్యాప్ తియ్యడానికి వాడు ఒప్పుకోలేదు. పొద్దున నాన్నగారికి చూపిస్తే ఫోను దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, "వీడు ఇంత బాగుంటాడేటి?" అన్నారు. జీలకర్రబెల్లానికి ఫ్లాష్ లేదు, తలంబ్రాలకి ఉంది. ఇద్దరూ సరేనన్నారు.

మామయ్యా, రెండో కెమెరామీద మాత్రం ఫ్లాష్ బిగించే ఉంచుతాను. సంచీ ఇప్పటికే వరండాలో పెట్టాను.