రాగి గులాబీ రెక్కలు చిరుగుతున్నాయి, కాడ ఊడుతోంది – ఇంట్లో చేసేవాళ్లు సలహా చెప్పండి

ప్రశ్న – కాకినాడ నుంచి

అందరికీ నమస్కారం. మాఘమాసంలో మా నాన్నగారి షష్టిపూర్తి. వచ్చిన పిన్నులకి, అత్తయ్యలకి ఏదో ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టి పంపడం నాకిష్టం లేదు. తలా ఒక రాగి గులాబీ నా చేత్తో చేసి ఇద్దామని కూర్చున్నాను. మేడ మీద చిన్న గది ఉంది. రేకు కత్తెర, డ్రిల్లు, బ్యూటేన్ టార్చి, బల్లకి బిగించే వైసు ఉన్నాయి. 26 గేజ్ రాగి రేకు తెచ్చాను.

ఇబ్బందులు ఇవీ. బిళ్ల కోసి, ఐదు రెక్కలుగా చీల్చి పైకి మడుస్తుంటే, కోత ఆగిన చోటి నుంచి చిరుగు మధ్యకి పాకుతోంది. మొదటి వంపు బాగానే వస్తుంది. దాన్ని సరిదిద్దబోతే రెక్క మొండికేస్తుంది, ఇంకాస్త బలం పెడితే పుటుక్కున విరుగుతోంది. ఇక టార్చితో వేడి చేస్తే ఎరుపు, ఊదా, నీలం ఎంత అందంగా వస్తున్నాయో! కానీ కాడని టంకం పెట్టి అతికించిన పువ్వుకి రంగు తెప్పించబోతే కాడ ఊడి కింద పడింది. ముందు రంగా, ముందు టంకమా? చేసినవాళ్లు చెప్పి పుణ్యం కట్టుకోండి.

జవాబు – సికింద్రాబాద్ నుంచి

అమ్మాయ్, మంచి పని తలపెట్టావు. నేను టూల్‌రూమ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు మనవరాళ్లకి ఇత్తడి, రాగి పూలు చేసిస్తుంటాను. నువ్వు చెప్పిన ఇబ్బందుల్లో రెండింటికి మూలం ఒక్కటే: రాగి నీ చేతిలో గట్టిపడిపోతోంది, నువ్వు దాన్ని అలాగే వంచుతున్నావు.

రాగిని కొట్టినా, వంచినా, సాగదీసినా లోపల గట్టిపడుతుంది. కొట్లో కొన్న రేకు రోలర్ల కింద నలిగి వచ్చింది కాబట్టి నీ చేతికి వచ్చేసరికే సగం గట్టిగా ఉంటుంది. అందుకే బిళ్లలు కోయగానే మొదట చేయాల్సింది కాల్చి మెత్తబరచడం. వెలుతురు తక్కువగా ఉన్నచోట పొడి ఇటుక మీద బిళ్లని పెట్టి, టార్చి మంటని ఒకేచోట నిలపకుండా తిప్పుతూ ఉండు. మందమైన ఎరుపు కనబడగానే మంట తీసెయ్యి. ఎండలో చేస్తే ఆ ఎరుపు కంటికి ఆనదు, తెలియకుండానే ఎక్కువ కాలుస్తావు. తర్వాత పటకారుతో పట్టి నీళ్లలో ముంచు. నీళ్లలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది గానీ రాగి గట్టిపడదు, మెత్తగానే ఉంటుంది. పైగా నల్లపొర పెచ్చులుగా రాలిపోతుంది. ముంచాక చేత్తో వంచి చూడు, అట్టముక్కలా వంగుతుంది.

ఆ మెత్తదనం కొన్ని సుత్తి దెబ్బలకే తరిగిపోతుంది. రెక్క తిరిగి పైకి లేస్తోందన్నా, సుత్తి మోత మారి కణకణమంటోందన్నా ఆగి మళ్లీ కాల్చు. ఒక పువ్వుకి ఎన్నిసార్లు కాల్చాలని లెక్కేమీ లేదు, ఎప్పుడు కాల్చాలో రేకే చెబుతుంది. ఒక్క జాగ్రత్త: చివరి వంపు వేశాక మాత్రం మళ్లీ ఎర్రగా కాల్చకు. ఆ చివరి వంపుల్లో వచ్చిన గట్టిదనమే పువ్వు ఆకారాన్ని నిలబెడుతుంది.

ఇక చిరుగు సంగతి. కత్తెర కోత మొన తేలి ఆగుతుంది కదా, మడిచినప్పుడు బలమంతా ఆ మొన మీదే పడుతుంది. అందుకని కోయకముందే, ప్రతి కోత ఎక్కడ ఆగాలో అక్కడ 2 మి.మీ. రంధ్రం వేసుకో. కోత ఆ రంధ్రంలోకి వచ్చి ఆగాలి. గుండ్రటి అంచు దగ్గర చిరుగు మొదలవ్వదు. కాడ దూర్చే మధ్య రంధ్రానికీ కోతలు ఆగే చోటుకీ మధ్య 8 నుంచి 10 మి.మీ. వదులు. డ్రిల్లు వేసేటప్పుడు పల్చటి రేకుని చేత్తో పట్టుకోవద్దు తల్లీ, బిట్టు పట్టేసి రేకు గిర్రున తిరిగితే వేళ్లు తెగుతాయి. రెండు చెక్కల మధ్య బిగించి చెక్కతో సహా వెయ్యి.

గేజ్ కూడా మార్చాలి. 26 గేజ్ అంటే 0.457 మి.మీ., లోపలి చిన్న రెక్కలకి అది మందం. 30 గేజ్, అంటే 0.315 మి.మీ. తీసుకో. తెచ్చిన 26 గేజ్ వృథా కాదు, పువ్వు కింది తొడిమకీ ఆకులకీ అదే బాగుంటుంది. 5, 6.5, 8, 9 సెం.మీ. బిళ్లలు నాలుగు చాలు ఒక పువ్వుకి. ఆ నాలుగు బిళ్లలకీ 30 గేజ్‌లో సుమారు 50 గ్రాముల రాగి పడుతుంది, కోతల్లో పోయే ముక్కలు వేరే. రేకు తూకానికే అమ్ముతారు కాబట్టి ఖర్చు నువ్వే లెక్క వేసుకోవచ్చు.

కాడకి టంకం అసలు వద్దు. మామూలు సీసం టంకం 185 డిగ్రీల దగ్గర, సీసం లేనిదైతే 227 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రాగికి నువ్వు తెప్పించే రంగులూ ఇంచుమించు ఆ వేడిలోనే, ఇంకాస్త పైన వస్తాయి. కాడ ఊడక ఏం చేస్తుంది? పోనీ ముందు రంగు తెప్పించి తర్వాత టంకం పెడదామంటే, టంకం అంటుకోవడానికి పూసే ఫ్లక్సు ఆ రంగుని తినేస్తుంది. రివెట్ చెయ్యి, అంటే కాడ కొసని బిళ్లల్లోంచి దూర్చి సుత్తితో కొట్టి బిగించు, గొడవ వదులుతుంది.

కరెంటు సామాన్ల కొట్లో ఎర్తింగ్‌కి వాడే 8 గేజ్ రాగి తీగ దొరుకుతుంది, 4 మి.మీ. మందం ఉంటుంది. కాడకి సరిగ్గా సరిపోతుంది. దాని కొసన 6 మి.మీ. మేర ఆకురాయితో రాసి 3 మి.మీ.కి తగ్గించు. మందం తగ్గిన చోట చిన్న మెట్టు ఏర్పడుతుంది చూడు, బిళ్లలన్నీ దాని మీద కూర్చుంటాయి. బిళ్లల మధ్య రంధ్రం 3 మి.మీ. ఉండాలి, ఒక్క పిసరు కూడా వదులు ఉండకూడదు. కాడని వైసులో రెండు చెక్కముక్కల మధ్య నిలువుగా బిగించి, ముందు తొడిమ, దాని మీద పెద్ద బిళ్ల, ఆ పైన చిన్నవి వరసగా ఎక్కించు. కింది రెండు రెక్కల మధ్య ఖాళీ మీదికి పై రెక్క వచ్చేలా తిప్పి పెట్టు. పైకి 4 మి.మీ. తీగ మిగలాలి. గుండ్రటి తల ఉన్న చిన్న సుత్తితో మెల్లగా, చుట్టూ తిప్పుతూ కొడితే అది గొడుగులా పరుచుకుని అన్నింటినీ పట్టేస్తుంది. బిళ్లలు ఇంకా పరిచే ఉన్నాయి కాబట్టి సుత్తికి అడ్డేమీ ఉండదు. తర్వాత పైనున్న చిన్న బిళ్లతో మొదలుపెట్టి రెక్కలు ఒకదాని మీద ఒకటి మొగ్గలా చుట్టు. రివెట్ తల దాని లోపల దాగిపోతుంది. పై బిళ్లలు అయ్యాక కిందివి.

రెక్క అంచుల్ని రివెట్ చేయకముందే సుత్తితో పల్చగా కొట్టి పెట్టుకో. అంచు సాగి, నిజం గులాబీకి ఉన్నట్టు చిన్న అలలు తేలుతుంది. కోసిన అంచులన్నీ ఆకురాయి, తర్వాత ఎమెరీ పేపరు పట్టించాలి. కానుకగా ఇచ్చేది, తీసుకున్నవాళ్ల వేలు కోసుకోకూడదు.

ప్రశ్న – కాకినాడ

బాబాయ్ గారూ, మీ రుణం తీర్చుకోలేను! కోత చివర రంధ్రం వేసి, కాల్చి మడిచాను. చిరుగు ఎక్కడా రాలేదు. రెక్క చేతిలో మైనంలా వంగింది. కాల్చాక మిగిలిన నలుపు పోవడానికి చింతపండు పెట్టి తోముతున్నాను, సన్నటి మూలల్లో పోవట్లేదు. యాసిడ్ వాడొచ్చా?

జవాబు – సికింద్రాబాద్

ఇంట్లో ఘాటు యాసిడ్ల జోలికి పోవద్దు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. బాగా వేడి నీళ్లు అర లీటరుకి రెండు మూడు చెంచాలు కలిపి, అందులో బిళ్లలు వేసి వదిలేస్తే నలుపు దానంతటదే కరిగిపోతుంది. గాజు గిన్నో ప్లాస్టిక్ గిన్నో వాడు. ఇనప పటకారు అందులో ముంచకు. రాగి కరిగిన ఆ నీళ్లలో ఇనుము తగిలితే, పక్కనున్న ఇత్తడి ముక్కలకి రాగి పూత ఎక్కి ఎర్రబడతాయి. బయటికి తీశాక వంట సోడా నీళ్లలో ఒకసారి, మంచినీళ్లలో ఒకసారి కడిగి పూర్తిగా ఆరబెట్టు. ఇదంతా రివెట్ చేయకముందే అయిపోవాలి. పొరల మధ్య పులుపు ఇరుక్కుంటే నెల తిరక్కుండా అక్కడ పచ్చగా చిలుము పడుతుంది. అక్కడి నుంచి శుభ్రమైన గ్లౌజులు వేసుకునే పట్టుకో, వేలిముద్ర పడ్డచోట రంగు మచ్చగా వస్తుంది.

వ్యాఖ్య – జనగామ నుంచి

అక్కా, రెక్కలకి ఈనెలు వేస్తే ఇంకా జీవం వస్తది. మాకు దగ్గర్లోనే పెంబర్తి ఉంది, అక్కడి ఇత్తడి రేకు పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వాళ్లు రేకుని లక్క మీద అమర్చి ఉలులతో నగిషీ చేస్తరు. లక్క కింద మెత్తగా దిగుతది, కానీ రేకుని పట్టుకునే ఉంటది, అందుకే గీత తేటగా పడుతది. ఇంట్లో కావాలంటే గుగ్గిలం కరిగించి, సన్నగా జల్లించిన ఇటుక పొడి, కొద్దిగా నూనె కలిపి గిన్నెలో పోసి పెట్టుకోవచ్చు. నూనె ఎక్కువైతే మెత్తగైతది, చలికాలం కొద్దిగా ఎక్కువే పట్టాలె. గుగ్గిలం సన్నటి సెగ మీదనే కరిగించాలె, ఆరుబయట చేయండి, అది అంటుకుంటది.

అంత అవసరం లేదనుకుంటే పాత టైరు ముక్క మీద రెక్క పెట్టి, రాయని బాల్‌పెన్‌తో గట్టిగా గీయండి. 30 గేజ్ కాల్చిన రేకు మీద చక్కగా దిగుతది. వెనక నుంచి గీస్తే ముందు ఈనె ఉబ్బుతది. గీసే ముందు తోటలో పువ్వు ఒకటి తెంపి, రెక్కలు ఊడదీసి కాగితం మీద పెట్టి చుట్టూ గీసుకోండి. గులాబీ లోపలి రెక్కకి, బయటి రెక్కకి ఆకారం ఎంత తేడా ఉందో అప్పుడు తెలుస్తది. నన్నడిగితే గులాబీ కన్నా మందారం చేయమంట. ఐదే రెక్కలు, ఒకటే బిళ్ల, మధ్యల పొడుగు కేసరానికి ఇత్తడి తీగ. రాగి మీద టార్చి పెడితే వచ్చే ఎరుపు మందారానికే పుట్టినట్టుంటది.

ప్రశ్న – డల్లాస్ నుంచి

మేం అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, టార్చి వెలిగించనివ్వరు. మంట లేకుండా ఇలాంటివి చేసే దారి ఉందా? బతుకమ్మకి పిల్లలతో చేయిద్దామని.

జవాబు – జనగామ

ఉంది అన్నా. క్రాఫ్ట్ షాపుల్లో 36 గేజ్ రాగి ఫాయిల్ దొరుకుతది, మెత్తబరిచే అమ్ముతరు. మామూలు కత్తెరతో తెగుతది, చేత్తోనే వంగుతది. తంగేడు పూలకి అయితే ఇత్తడి ఫాయిల్ తీసుకోండి, పసుపు రంగు దానికే ఉంటది. కూల్‌డ్రింక్ డబ్బాల రేకు మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, అంచు బ్లేడు లెక్క ఉంటది.

ప్రశ్న – నెల్లూరు నుంచి

బాబాయ్ గారూ, నాదీ ఒక సందేహం. మా అమ్మమ్మ ఇత్తడి బిందె చిల్లుపడి అటక మీద ఉంది. పాత సామాన్లవాడికి వేయడానికి మనసొప్పడం లేదు. ఆవిడ మనవలు, మనవరాళ్లం పదిమందిమి ఉన్నాం. ఆ బిందెతోనే తలా ఒక తామరపువ్వు చేసుకోవచ్చా?

జవాబు – సికింద్రాబాద్

తప్పకుండా చేసుకో నాయనా, అంతకన్నా మంచి కానుక ఏముంటుంది. ముందు లోపల కళాయి ఉందేమో చూడు. తెల్లగా మెరిసేది తగరం. దాన్ని అలాగే ఎర్రగా కాలిస్తే తగరం ఇత్తడిలోకి దిగి గుంటలు పడతాయి, చిల్లులు కూడా పడొచ్చు. కళాయి ఉన్నచోట ఎమెరీతో లోహం బయటపడేదాకా గీకెయ్యి, లేదా కళాయి అంటని మెడ, అంచు వైపు ముక్కలు వాడు. దుమ్ము పీల్చకుండా ముక్కుకి మాస్కు కట్టుకో.

ఇత్తడికీ రాగికీ కాల్చడంలో తేడా ఉంది. ఇత్తడి 900 డిగ్రీల పైన కరుగుతుంది, రాగికి 1085 కావాలి. పల్చటి ఇత్తడి అంచు మీద మంట ఒక్క క్షణం ఎక్కువ నిలిస్తే ముద్దైపోతుంది. మందమైన ఎరుపు దాటనివ్వకు, దాటితే అందులోని జింకు తెల్లటి పొగగా లేస్తుంది, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. కాల్చగానే నీళ్లలో ముంచకు, ఎరుపు పోయేదాకా ఆగి ముంచు, లేకపోతే కొన్ని రకాల ఇత్తడి పగులుతుంది. బిందె గోడకి వంపు ఎలాగూ ఉంది, దాన్ని చదును చేయాలని తంటాలు పడకు. తామర రెక్కకి కావలసింది ఆ దోనె వంపే. రెక్కలు నిలువుగా గీసుకుని, బిందె వంపే రెక్క వంపయ్యేలా కొయ్యి.

ఒకవేళ వీటిని పూజలో పెట్టి నీళ్లు, పాలు తగిలే పని ఉంటే సీసం టంకం వాడకు, లాకరు (రంగు నిలవడానికి కొట్టే పారదర్శక పూత) కొట్టకు. రివెట్లతోనే బిగించు, వారానికోసారి చింతపండుతో తోముకోవచ్చు.

ప్రశ్న – కాకినాడ

చివరిగా ఒక్కటి. మొదటి పువ్వు పూర్తయింది, అంచుల్లో ఊదా, లోపల నారింజ వచ్చాయి. ఈ రంగు నిలవాలంటే ఏం చేయాలి? మా పిన్ని విశాఖలో బీచ్ రోడ్డు పక్కనే ఉంటుంది.

జవాబు – సికింద్రాబాద్

రంగు పొర చాలా పల్చనిది తల్లీ, తోమితే పోతుంది. పువ్వుతో పాటు ఆ మాట కూడా చెప్పి ఇవ్వు, లేకపోతే మీ పిన్ని పండక్కి పీతాంబరి పెట్టి తళతళలాడేలా తోమేస్తుంది. ఉప్పుగాలి తగిలేచోట పూత తప్పనిసరి. పారదర్శక యాక్రిలిక్ లాకరు స్ప్రే పల్చగా రెండుసార్లు కొట్టు, మొదటిది పూర్తిగా ఆరాక రెండోది. లాకరు పడగానే రంగు కొంచెం మారుతుంది, నీలం, ఊదా కాస్త కళ తగ్గుతాయి. అందుకని ముందు తుక్కు ముక్క మీద కొట్టి చూడు. రంగు మారడం నచ్చకపోతే లాకరు బదులు మైనం పూత వెయ్యి. అది రాయడం తేలిక, కానీ ఏడాదికి ఒకసారైనా మళ్లీ రాయాలి.

మిగతా పూలకి రంగు తెప్పించేటప్పుడు టార్చిని దూరంగా పట్టు. నారింజ, ఎరుపు, ఊదా, నీలం, ఆపైన వెండి తెలుపు, ఈ వరసలో వస్తాయి. మంట తీశాక కూడా రంగు ఒక మెట్టు ముందుకి పోతుంది. ఊదా కావాలంటే ఎరుపు కనబడగానే మంట తప్పించు. దాటిపోతే కంగారు పడకు, నిమ్మ ఉప్పుతో ఆ రెక్క తుడిచి, వంట సోడా నీళ్లతో కడిగి, ఆరాక మళ్లీ మొదలుపెట్టు.

ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చెయ్యి: కళ్లద్దాలు, నూలు బట్టలు, జుట్టు ముడి, పక్కన బకెట్ నీళ్లు, కిటికీలు తెరిచి. నైలాన్ చున్నీ వద్దు. గచ్చు మీద పెట్టి కాల్చకు, లోపలి తేమకి సిమెంటు పెచ్చు పేలి కంట్లో పడుతుంది. నాలుగో బిళ్లకి తొమ్మిది సెం.మీ. తీసుకున్నావా, ఎనిమిదే తీసుకున్నావా? ఫొటోలో బయటి రెక్కలు కాస్త పొట్టిగా కనిపిస్తున్నాయి.

ప్రశ్న – కాకినాడ

ఎనిమిదే తీసుకున్నాను బాబాయ్ గారూ, రేకు సరిపోలేదు. రేపు ఇంకో అడుగు రేకు తెప్పిస్తున్నాను.