ఊళ్ళో ఉన్న అమ్మ ఫోన్‌ని ఇక్కడి నుంచి రీస్టార్ట్ చేసే దారి ఉందా?

పుణె గోదారోడు

అందరికీ నమస్కారం. మా అమ్మ పాలకొల్లు దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది, నేను పుణెలో ఉంటాను. రోజూ రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్ వీడియో కాల్‌లో మాట్లాడుకోవడం మాకు అలవాటు. రెండు నెలలుగా వారానికి రెండు మూడుసార్లు కాల్ కలవడం లేదు. మెసేజ్ పెడితే ఒక్క టిక్కే పడుతుంది, రెండోది పడదు. మామూలు కాల్ మాత్రం వెళ్తుంది. పక్కింటి కుర్రాడు వచ్చి ఫోన్ ఆపి ఆన్ చేస్తే అంతా బాగయ్యేది. ఆ అబ్బాయి ఇప్పుడు చదువు కోసం విజయవాడ వెళ్ళిపోయాడు.

పక్క బటన్ నొక్కి పట్టుకోమ్మా అంటే, "కింద ఏవో రంగులు తిరుగుతున్నాయిరా, ఎవరో ఇంగ్లీషులో అడుగుతున్నారు" అంటుంది. నిన్న రాత్రి అరగంట ప్రయత్నించాం. చివరికి "వద్దులే నాన్నా, రేపు చూద్దాం" అని పెట్టేసింది. నాకు నిద్ర పట్టలేదు.

ఫోన్ ఆండ్రాయిడ్ 13. అమ్మ గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ నా దగ్గర ఉంది. దాంతో ఇక్కడి నుంచే రీస్టార్ట్ కొట్టొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

రాయలసీమ రాజా

గూగుల్ ఫైండ్ మై డివైస్‌లో అమ్మగారి ఖాతాతో లాగిన్ అవ్వండి అన్నా. అక్కడ మూడు ఆప్షన్లు ఉంటాయి. ఆఖరిది నొక్కితే ఫోన్ రీసెట్ అయి మళ్ళీ ఆన్ అవుతుంది.

తణుకు సెల్ పాయింట్

పుణె తమ్ముడూ, దయచేసి ఆ ఆఖరిది నొక్కకండి. అది రీస్టార్ట్ కాదు, ఎరేజ్. ఫోన్‌లో ఉన్న ఫోటోలు, నంబర్లు, యాప్‌లు అన్నీ పోయి కొత్త ఫోన్‌లా తయారవుతుంది. ఫోన్‌కి ఇప్పుడు నెట్ లేకపోయినా లాభం లేదు, ఆ ఆదేశం కాచుకుని ఉంటుంది, నెట్ తగలగానే తుడిచేస్తుంది. పైగా మళ్ళీ మొదలుపెట్టాలంటే అమ్మగారే గూగుల్ పాస్‌వర్డ్ కొట్టాలి, వాట్సాప్‌కి ఓటీపీ చూసి చెప్పాలి. బటన్ నొక్కడానికే ఇబ్బంది పడుతున్న మనిషికి అది ఎంత కష్టమో ఆలోచించండి. రీసెట్, రీస్టార్ట్ ఒకటే అనుకుని చేతులారా ఫోటోలు పోగొట్టుకున్నవాళ్ళు నా షాపుకి వస్తూనే ఉంటారు. పోయినాయన ఫోటోలు ఆ ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా లేవని ఒకావిడ కౌంటర్ దగ్గర నిలబడి ఏడ్చింది. నేనేమీ చేయలేకపోయాను.

ఇక మీ ప్రశ్నకి సూటిగా జవాబు: మామూలుగా కొని వాడుకునే ఫోన్‌ని గూగుల్ ఖాతాతో దూరం నుంచి రీస్టార్ట్ చేయలేం. ఫైండ్ మై డివైస్‌కి 2025లో ఫైండ్ హబ్ అని పేరు మార్చారు, కానీ అందులో ఉన్నవి అవే: ఎక్కడుందో చూడటం, మోగించడం, లాక్ చేయడం, తుడిచేయడం. సామ్‌సంగ్ వాళ్ళ ఫైండ్‌లోనూ రీస్టార్ట్ బటన్ లేదు. ప్లే స్టోర్‌లో "రిమోట్ రీబూట్" అని దొరికే యాప్‌లను కూడా నమ్మకండి. ఫోన్‌ని రీబూట్ చేసే అనుమతిని ఆండ్రాయిడ్ తన సొంత సిస్టం యాప్‌లకే ఇస్తుంది. రూట్ చేయని, అంటే కంపెనీ వేసిన లోపలి తాళాలు తీసేయని ఫోన్‌లో బయటి యాప్‌కి అది దక్కదు.

కంపెనీలు ఉద్యోగులకిచ్చే ఫోన్ల సంగతి వేరు. ఆండ్రాయిడ్ 7 నుంచి, ఫోన్ మొత్తాన్ని కంపెనీ యాజమాన్యం కింద పెడితే ఆఫీసులో కూర్చుని రీబూట్ చేయొచ్చు. కానీ అలా పెట్టాలంటే ముందు ఫోన్‌ని ఖాళీ చేసి మొదటి నుంచి సెటప్ చేయాలి. అమ్మగారి ఫోన్‌కి అది అనవసరం.

మీరు రాసినదాంట్లో నాకొకటి కనిపించింది. మామూలు కాల్ వెళ్తోంది, వాట్సాప్ ఆగుతోంది. అంటే ఫోన్ హ్యాంగ్ అవ్వలేదు, డేటా ఆగింది. దానికి రీస్టార్ట్ దాకా వెళ్ళక్కర్లేకుండా ఏరోప్లేన్ మోడ్ ఒకసారి వేసి తీస్తే చాలాసార్లు సరిపోతుంది. పైనుంచి వేలితో కిందికి లాగితే విమానం బొమ్మ ఉంటుంది, అది ప్రతి ఊళ్ళోనూ గుర్తుపట్టే బొమ్మే. కాకపోతే కాల్‌లో ఉండగా నొక్కిస్తే కాల్ కూడా తెగిపోతుంది, అమ్మగారు కంగారు పడతారు. ముందే చెప్పండి: "నేను పెట్టేస్తాను. నువ్వు విమానం నొక్కి, ఇరవై లెక్కపెట్టి, మళ్ళీ అదే నొక్కు. రెండు నిమిషాల్లో నేనే చేస్తాను." రెండోసారి నొక్కడం మర్చిపోతే ఎవరి కాలూ రాదు, అందుకని తిరిగి మీరే చేయడం ముఖ్యం.

పుణె గోదారోడు

అన్నా, మీకు చేతులెత్తి దండం. రాజా గారు చెప్పినట్టు చేద్దామని లాగిన్ అయ్యే ఉన్నాను. నాన్నగారి ఫోటోలు కూడా ఆ ఫోన్‌లోనే ఉన్నాయి.

రాయలసీమ రాజా

క్షమించండి అన్నా. రెండూ ఒకటే అనుకున్నాను. నా కామెంట్ తీసేయమంటారా?

తణుకు సెల్ పాయింట్

ఉంచండి తమ్ముడూ. ఇదే అనుమానంతో వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు కింద జవాబు కూడా చదువుతారు.

మధురవాడ

మరి దూరం నుంచి ఇంకో ఫోన్ తెరని చూసి నడిపే ఎనీడెస్క్ యాప్ పెడితే? నేను మా అత్తగారి ఫోన్‌ని అలాగే చూస్తాను. తెర మీద పైనుంచి లాగి పవర్ గుర్తు నొక్కి రీస్టార్ట్ చేయొచ్చు.

తణుకు సెల్ పాయింట్

చేయొచ్చు మేడం, కానీ నెట్ ఉన్నప్పుడే. ఈయన సమస్యే నెట్ ఆగిపోవడం. ఏ రోజు అవసరమో ఆ రోజే ఎనీడెస్క్ కూడా అందదు. సెట్టింగులు మార్చడానికైతే బాగా పనికొస్తుంది.

ఇంకో మాట. పెద్దవాళ్ళ ఫోన్‌లో అలాంటి యాప్ ఉంటే, "నేను తప్ప ఎవరు అడిగినా అందులో కనబడే నంబర్ చెప్పకు" అని అమ్మకో అత్తకో గట్టిగా చెప్పాలి. ఏదో వంక చెప్పి ఈ యాప్ పెట్టించి యూపీఐతో డబ్బు లాగేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2019 ఫిబ్రవరిలో బ్యాంకులను హెచ్చరించింది. డబ్బు పోయిందని తెలియగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. పని అయిపోయాక యాప్ తీసేయడమే నా సలహా.

డల్లాస్ గుంటూరు

మా నాన్నగారిది ఐఫోన్. దానికి ఏమైనా ఉందా?

మధురవాడ

ఐక్లౌడ్ ఫైండ్ మైలో కూడా రీస్టార్ట్ లేదండీ. సంస్థలు తమ అధీనంలో పెట్టుకున్న ఐఫోన్లకి మాత్రమే దూరం నుంచి చేయొచ్చు. కానీ మీ నాన్నగారు సిరితో "రీస్టార్ట్ మై ఐఫోన్" అంటే చాలు, నిజంగా చేయాలా అని అడిగి అదే చేస్తుంది. రెండు బటన్లు కలిపి నొక్కడం కన్నా మా మామగారికి ఇది తేలిక. తర్వాత పాస్‌కోడ్ మాత్రం కొట్టాల్సిందే, ముఖం చూపిస్తే తెరుచుకోదు.

పుణె గోదారోడు

విమానం చిట్కా ఈ రాత్రి పనిచేసింది! కానీ కాల్ కలవని ప్రతిసారీ అమ్మ ఈ పని చేయాలంటే నాకు టెన్షనే. దానంతట అదే వారానికోసారి రీస్టార్ట్ అయ్యేలా పెట్టొచ్చా?

తణుకు సెల్ పాయింట్

పెట్టొచ్చు. మీకు నిజంగా కావలసింది ఇదే. ఒకసారి ఎవరైనా ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టాలి, అంతే.

సామ్‌సంగ్ అయితే సెట్టింగుల్లో డివైస్ కేర్, అందులో ఆటో ఆప్టిమైజేషన్, అందులో ఆటో రీస్టార్ట్. రోజు, టైము మనమే ఎంచుకోవచ్చు. మూడు షరతులున్నాయి: తెర ఆఫ్‌లో ఉండి ఫోన్ వాడకంలో ఉండకూడదు, ఛార్జింగ్ 30 శాతానికి పైన ఉండాలి, సిమ్ లాక్ పెట్టి ఉండకూడదు. ఇవి సరిపోతే చెప్పిన టైము నుంచి గంటలోపు అదే ఆగి లేస్తుంది. షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీల్లో చాలా మోడళ్ళకి షెడ్యూల్డ్ పవర్ ఆన్ ఆఫ్ ఉంటుంది. ఎక్కడుందో వెతుక్కోకుండా సెట్టింగుల పైన వెతికే చోట "షెడ్యూల్" అనే మాటని ఇంగ్లీషులో కొట్టండి. ఇందులో ఆగే టైము, లేచే టైము రెండూ పెట్టాలి. మధ్యలో పది నిమిషాలు చాలు, ఎందుకంటే ఆ కాసేపు ఎవరికీ ఫోన్ కలవదు.

ఇప్పుడు అసలు విషయం. ఫోన్ రీస్టార్ట్ అయ్యాక, అమ్మగారు పిన్నో ప్యాటర్నో ఒకసారి గీసి తెరిచేదాకా లోపలి సామాను తాళం వేసే ఉంటుంది. కాల్స్ వస్తాయి, అలారం మోగుతుంది. వాట్సాప్ మాత్రం పలకదు. నంబర్లు కూడా ఆ తాళం వెనకే ఉంటాయి కాబట్టి మీరు కాల్ చేస్తే మీ పేరు, ఫోటో రావు, పది అంకెలే కనిపిస్తాయి. తెలియని నంబర్ ఎత్తకని మనమే నేర్పాం కదా, ఆవిడ ఎత్తరు. నేను ఒక పెద్దాయన ఫోన్‌కి రాత్రి ఒంటిగంటకి పెట్టాను. తెల్లవారుజామున రెండింటికి కూతురు ఆసుపత్రి నుంచి చేస్తే ఆయన ఎవరో అనుకుని కట్ చేశారు. అప్పటినుంచి నేను అర్ధరాత్రి పెట్టను. మనిషి నిద్రలేచే టైముకి కాస్త ముందు పెడతాను. లేవగానే టైము చూసుకోడానికి ఎలాగూ తెరుస్తారు.

అమ్మగారు ఎన్నింటికి లేస్తారు?

పుణె గోదారోడు

అయిదింటికల్లా లేచి వాకిట్లో కళ్ళాపి చల్లుతుంది.

తణుకు సెల్ పాయింట్

అయితే మూడున్నరకి పెట్టండి. గంట తేడా వచ్చినా ఆవిడ లేచేసరికి అయిపోతుంది. రాత్రి పడుకునే ముందు ఛార్జింగ్ ఉందో లేదో చూసుకోమనండి.

ఆ రంగులు తిరిగే సంగతి కూడా చెప్తాను. కొత్త ఫోన్లలో పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే ఆఫ్ చేసే మెనూ బదులు అసిస్టెంట్ వచ్చేలా కంపెనీలు మార్చేశాయి. అమ్మగారి తప్పేమీ లేదు, ఆమె సరిగ్గానే నొక్కుతున్నారు. సెట్టింగుల్లో పవర్ బటన్ అనో సైడ్ బటన్ అనో వెతికి, నొక్కి పట్టుకుంటే పవర్ మెనూ రావాలని మార్చేస్తే పాత ఫోన్‌లాగే ఉంటుంది. మార్చేదాకా అయితే, చాలా ఫోన్లలో పవర్, సౌండ్ పెంచే బటన్ కలిపి నొక్కాలి. సామ్‌సంగ్‌లో పవర్, సౌండ్ తగ్గించే బటన్ కలిపి పట్టుకోవాలి. తెర పూర్తిగా బిగుసుకుపోయినప్పుడు అదే జంటని ఏడు సెకన్లకి పైగా వదలకుండా పట్టుకుంటే దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది.

నూజివీడు తోట

అన్నా, నాదీ ఇలాంటిదే. మామిడి తోట షెడ్డులో పాత ఫోన్‌ని కెమెరాగా పెట్టాను. వారానికోసారి ఆగిపోతుంది. అక్కడ గీత గీసి తెరిచేవాళ్ళు ఎవరూ ఉండరు.

తణుకు సెల్ పాయింట్

ఆ ఫోన్‌లో బ్యాంకు యాప్‌లు, మీ అసలు గూగుల్ ఖాతా లేకుండా చూసి, స్క్రీన్ లాక్ పూర్తిగా తీసేయండి. లాక్ లేకపోతే రీస్టార్ట్ అయ్యాక తాళం సమస్య ఉండదు. షెడ్యూల్ పెట్టుకోండి. ఆన్ అయ్యాక కెమెరా యాప్ తనంతట తాను మొదలవుతుందో లేదో మీరు ఎదురుగా ఉండగానే రెండుసార్లు పరీక్షించండి, అన్నీ అవ్వవు. ఇంకో జాగ్రత్త, రాత్రీపగలూ ఛార్జర్‌కి తగిలించి ఎండవేడి రేకుల షెడ్డులో ఉంచితే బ్యాటరీ ఉబ్బుతుంది. వెనక మూత కాస్త లేచినట్టు కనిపించినా వెంటనే తీసేయండి. నన్నడిగితే సిమ్ వేసే 4జీ కెమెరా కొనుక్కోవడమే మంచిది.

మధురవాడ

పుణె గోదారోడు గారూ, ఒకసారి ఫోన్‌లో జాగా ఎంత మిగిలిందో కూడా చూపించండి. మా అత్తగారి ఫోన్ ఇలాగే ఆగిపోయేది. గ్రూపుల్లో వచ్చే శుభోదయం ఫోటోలతో నిండిపోయి ఉంది.

పుణె గోదారోడు

ఆదివారం మా పెదనాన్నగారి మనవరాలు భీమవరం నుంచి వచ్చి చూసింది. నేను ఫోన్‌లో ఉండి ఒక్కొక్కటీ చెప్పాను.

మధురవాడ గారూ, మీరన్నది నిజం. 64 జీబీ ఫోన్‌లో మిగిలింది 400 ఎంబీ కూడా లేదు. వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజ్ తెరిచి చూస్తే సగం దాకా భజనల వీడియోలు, దేవుడి ఫోటోలు. అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కోటీ చూపించి అడిగి మరీ తీసేసింది పిల్ల. నాన్నగారి ఫోటోలు ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. ఇకపై వీడియోలు వాటంతట అవి దిగకుండా ఆటో డౌన్‌లోడ్ ఆపేసింది.

పవర్ బటన్ మార్చింది. ఇప్పుడు నొక్కి పట్టుకుంటే రీస్టార్ట్ గుర్తు వస్తోంది. అమ్మ చేత నాలుగుసార్లు చేయించింది. నాలుగోసారి తనే "గుండ్రంగా తిరిగే బాణం గుర్తు, అదే కదే" అందట. సోమ, గురువారాలు మూడున్నరకి షెడ్యూల్ పెట్టింది.

ఈరోజు సోమవారం. పరీక్ష కోసం తెల్లవారుజామున 4:50కి అమ్మకి ఒక మెసేజ్ పెట్టి చూస్తూ కూర్చున్నాను. ఒక్క టిక్కే ఉంది. అన్న చెప్పిన తాళం సంగతి తెలియకపోతే మళ్ళీ కంగారు పడేవాడిని. 5:07కి రెండో టిక్ పడింది.