క్రిస్మస్ సామాను సంచులు ఆపుదామా? బెంగళూరు తెలుగు కతోలిక విశ్వాసుల సేవపై చర్చ

మారతహళ్లి నివాసి:

మన తెలుగు విశ్వాసుల సంఘం ప్రతి డిసెంబరులో చేసే పని అందరికీ తెలిసినదే. చందాలు వసూలు చేసి, బియ్యం, కందిపప్పు, నూనె, దుప్పటి ఒక సంచిలో సర్ది, నగరం తూర్పు అంచున రేకుల షెడ్లలో ఉండే మన తెలుగు కూలీల కుటుంబాలకు ఒక ఆదివారం మధ్యాహ్నం పంచి వస్తాము. ఆ తరువాత మళ్లీ డిసెంబరు వచ్చేవరకు ఆ వైపు వెళ్లేవారు చాలా తక్కువ. ఈ ఏడాది ఆ సంచులు ఆపి, ఆ సొమ్మును, అంతకన్నా ముఖ్యంగా ఆ మనుషుల సమయాన్ని, ఏడాది పొడవునా సాగే పనికి మళ్లించాలని నేను ప్రతిపాదిస్తున్నాను.

నా కారణం చాలా మామూలుది. మనం బియ్యం ఇచ్చి వచ్చే కుటుంబాలలో చాలామందికి సొంత ఊరిలో బియ్యం కార్డు ఉంది. ఆ కార్డు జాతీయ ఆహార భద్రతా చట్టం కిందికి వచ్చేదైతే, ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ ఏర్పాటు ప్రకారం కర్ణాటకలోని చౌకధరల దుకాణంలో కూడా ప్రతి నెలా బియ్యం తీసుకోవచ్చు. అలాగే గడచిన పన్నెండు నెలల్లో 90 రోజులు భవన నిర్మాణ పని చేసిన 18 నుంచి 60 ఏళ్ల కార్మికులు తమ సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. పని చేసినట్లు ధ్రువపత్రం తెచ్చుకోవడం, కన్నడంలో ఉన్న కాగితాలు అర్థం చేసుకోవడం వారికి కష్టమే గానీ, కంప్యూటర్ల ముందే బతుకుతున్న మనకు అదేమంత కష్టం? ఒక్క పూట సంచి మోసే శక్తి ఉన్నవారికి నెలకు రెండు పూటలు ఒక కుటుంబం పక్కన కూర్చునే ఓపిక ఉండకూడదా? పెద్దలు, యువకులు అందరూ తమ అభిప్రాయం చెప్పవలసిందిగా మనవి.

విన్సెంట్ సభ సభ్యుడు:

బాబూ, ఏడాది పొడవునా సాగే పని కావాలన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకుంటాను, సంచులు ఆపాలన్న మాటను మాత్రం ఒప్పుకోను. మా పునీత విన్సెంట్ ది పాల్ సభ పుట్టుకే ఇలాంటి వాదం నుంచి జరిగింది. 1833లో ప్యారిస్‌లో, ‘ఒకప్పుడు మీ శ్రీసభ (కతోలిక సంఘం) గొప్ప పనులు చేసిందేమో, ఇప్పుడు మీరు చేస్తున్నదేమిటి?’ అని తోటి విద్యార్థులు ఎత్తిపొడిచినప్పుడు, ఇరవై ఏళ్లు నిండిన ఫ్రెడరిక్ ఓజనాం తన స్నేహితులతో కలిసి పేదల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాడు. ఎవరి ఇంటికి వెళ్లాలో, అక్కడ ఎలా మెలగాలో వారికి నేర్పినది రోసలీ రెందూ అనే కన్యస్త్రీ. ఓజనాం గురువు (ఫాదరు) కాలేదు, పెళ్లి చేసుకున్నాడు, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు, నలభై ఏళ్లకే కన్నుమూశాడు. 1997లో ఆయనను ధన్యుడిగా ప్రకటించారు.

ఇద్దరిద్దరుగా వెళ్లాలి, ఇంటికే వెళ్లాలి, సమావేశంలో ఎవరెంత వేశారో పక్కవారికి తెలియకుండా రహస్యంగా చందా తీయాలి అన్నవి మాలో నేటికీ నడుస్తున్న పద్ధతులు. ఆ ఇంటికి పట్టుకెళ్లే సామాను అందులో ఒక భాగం మాత్రమే. పొయ్యి వెలగని ఇంటికి దరఖాస్తు ఫారం పట్టుకుని వెళ్లి ఏం ముఖంతో నిలబడతాము? ‘చలి కాచుకోండి, తృప్తిగా తినండి’ అని చెప్పి పంపించి, శరీరానికి కావలసినది ఇవ్వకపోతే ప్రయోజనమేమని యాకోబు లేఖ రెండవ అధ్యాయం అడుగుతున్నది. సంచి ఇవ్వడంలో తప్పు లేదు. లారీ తెచ్చి షెడ్ల ముందు ఆపి, మైకులో పేర్లు పిలిచి, వరుసలో నిలబెట్టి, ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడమే తప్పు. దాన్ని ఆపండి చాలు.

లీజియన్ అమ్మ:

పెద్దాయన చెప్పిన సభలోనే మా లీజియన్ స్థాపకుడు ఫ్రాంక్ డఫ్ కూడా ముందు పనిచేశారు. ఆయన ఐర్లాండులో ప్రభుత్వ ఉద్యోగి, గురువు కాని సామాన్య విశ్వాసి. 1921 సెప్టెంబరు 7న డబ్లిన్‌లో మొదలైన లీజియన్ ఆఫ్ మేరీ అనే ఈ విశ్వాసుల సంఘంలో మాత్రం, సభ్యులు వెళ్లిన చోట డబ్బు, వస్తువులు ఇవ్వకూడదన్న నియమం పెట్టుకున్నారు. కొత్తగా చేరినవారు ఈ నియమం విని రాతిగుండె అనుకుంటారు. నేను ఈ నగరంలో ఆసుపత్రులకు, షెడ్లకు ఉత్త చేతులతోనే వెళ్తున్నాను. చేతిలో ఏమీ లేనప్పుడు ఎదుటివారు మన చేతుల వైపు చూడరు. ‘అత్తా, మా అమ్మాయి ఫోను ఎత్తడం లేదు’ అనో, ‘ఆయన మళ్లీ తాగడం మొదలుపెట్టాడు’ అనో చెప్పుకుంటారు. సంచితో వెళ్లిన ఇంట్లో ఆ మాటలు నాకెప్పుడూ వినిపించలేదు. అవసరం నిజంగా ఉన్న ఇంటి సంగతి విన్సెంట్ సభ వారికి చెబుతాము, వారు చూసుకుంటారు. ఈ పని వాటా బాగానే ఉంది, రెండూ కలిపి గందరగోళం చేయకండి.

సువార్తే ముందు:

ఇక్కడ రేషన్ కార్డు గురించి, మండలి గురించి చదువుతున్నాను గానీ క్రీస్తు పేరు వెతుక్కోవలసి వస్తున్నది. క్రీస్తును ప్రకటించకపోతే మనం జాలిగల స్వచ్ఛంద సంస్థగా మిగులుతామే తప్ప శ్రీసభ కాలేమన్న అర్థంలో పోప్ ఫ్రాన్సిస్ 2013లో తమ మొదటి ప్రసంగంలోనే హెచ్చరించారు. 1975లో ఆరవ పౌలు పోపు గారు సువార్త ప్రకటన గురించి రాసిన లేఖలో, మాటలేని సాక్ష్యం ఎంత గొప్పదైనా, మన నిరీక్షణకు కారణమేమిటో ఎప్పుడో ఒకప్పుడు నోరు విప్పి చెప్పకపోతే అది నిలవదని స్పష్టంగా రాశారు. ఆ షెడ్లలో మన జ్ఞానస్నానం పొందిన పిల్లలే ప్రథమ సత్ప్రసాదం లేకుండా పెరుగుతున్నారు. తెలుగులో ఉపదేశం చెప్పే ఒక్క మనిషిని పంపలేని సంఘం కార్మిక శాఖ పని ఎందుకు నెత్తిన పెట్టుకోవాలి?

కోర్టు పక్షి:

ఒక హెచ్చరిక. కర్ణాటకలో 2022లో వచ్చిన మత స్వేచ్ఛ రక్షణ చట్టం, మతమార్పిడి కోసం ఎర చూపడం అన్న దానిలో కానుకలను కూడా చేర్చింది. ఆ చట్టాన్ని రద్దు చేయాలని 2023లో మంత్రివర్గం నిర్ణయించినా, వీధిలో గొడవకు వచ్చేవాడు గెజిట్ చదివి రాడు. ఒకే చేతిలో సంచి, ఒకే నోట ప్రకటన కలిపి పట్టుకెళితే మనల్ని ‘బియ్యం బస్తా క్రైస్తవులు’ అని వెక్కిరించేవారికి మనమే సాక్ష్యం ఇచ్చినట్లవుతుంది. భయపడి చెబుతున్న మాట కాదు ఇది. 2005 నాటి తమ మొదటి విశ్వలేఖలో పదహారవ బెనెడిక్టు గారు కూడా, ప్రేమ సేవను మరొక ప్రయోజనానికి సాధనంగా వాడకూడదని, దేవుని గురించి ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు మౌనంగా ఉండాలో క్రైస్తవుడికి తెలియాలని రాశారు. సొంత బిడ్డలకు ఉపదేశం చెప్పడానికి ఏ చట్టమూ అడ్డు కాదు. దాన్ని వేరుగా, వేరే రోజు పెట్టుకోండి.

వైట్‌ఫీల్డ్ సోదరి:

మీరందరూ ఏమి ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి, ఇచ్చేటప్పుడు ఏమి మాట్లాడాలి అని వాదిస్తున్నారు. ఇవ్వడానికి ముందు మనం బాకీ ఉన్నదేమిటో ఎవరూ అడగలేదు. రెండవ వాటికన్ మహాసభ 1965 నవంబరు 18న సామాన్య విశ్వాసుల ప్రేషిత కార్యం (క్రీస్తు పంపినవారిగా లోకంలో చేసే పని) గురించి ఒక ఆదేశపత్రం వెలువరించింది. మన సమావేశాలలో ఆ పత్రం పేరు తరచు వినిపిస్తుంది, ఎనిమిదవ అంశం మాత్రం వినిపించదు. న్యాయంగా చెల్లించవలసినదాన్ని దానంగా ఇవ్వకుండా, ముందు న్యాయం చెల్లించాలని, బాధల ఫలితాలనే కాక కారణాలను కూడా తొలగించాలని, సహాయం అందుకున్నవారు క్రమంగా ఇతరులపై ఆధారపడనవసరం లేని స్థితికి రావాలని అందులో ఉంది. మహాసభ శ్రీసభ గురించి వెలువరించిన ప్రధాన పత్రం కూడా, లోక వ్యవహారాలలో ఉండి వాటిని దేవుని చిత్తం ప్రకారం సరిదిద్దడమే గృహస్థుల, అంటే గురువులు కాని సామాన్య విశ్వాసుల, ప్రత్యేకమైన పిలుపు అంటుంది. మనమేమో వాచకం చదవడాన్ని, గాయక బృందాన్ని, పందిరి అలంకరణను ప్రేషిత కార్యం అనుకుని, సోమవారం ఉదయం ఆఫీసు బస్సు ఎక్కగానే ఆ పిలుపు మనది కానట్లు ప్రవర్తిస్తాము.

మనలో చాలామంది అపార్ట్‌మెంటు సంఘాలలో సభ్యులు, కొందరు కార్యదర్శులు కూడా. సఫాయి పనికి, కాపలా పనికి ఏజెన్సీలు ధర చెప్పినప్పుడు అందరికన్నా తక్కువ చెప్పినవారికే కాంట్రాక్టు ఇద్దామని ఓటు వేసేది మనమే. ఆ తక్కువ ధర ఎవరి పీఎఫ్ ఎగ్గొడితే వచ్చింది, ఎవరి వైద్య బీమా, అంటే ఈఎస్ఐ, కట్టకపోతే వచ్చింది అని ఒక్క ప్రశ్న వేయము. ఈఎస్ఐలో యజమాని వాటా జీతంలో 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. ఆ కాస్త సొమ్ము కట్టి ఉంటే, కాన్పుకో శస్త్రచికిత్సకో అప్పు చేసే అవసరం ఆ ఇంటికి ఉండదు. ఆ అప్పు చూసి జాలిపడి డిసెంబరులో మనం నూనె ప్యాకెట్టు పట్టుకెళతాము. అందుకని సంచి ఆపాలా వద్దా అన్నది నాకు రెండవ ప్రశ్న. ముందు ఈ సంఘంలోని ప్రతి కుటుంబమూ తమ ఇంట్లో పనిచేసే ఆమెకు వారానికి ఒక సెలవు, జబ్బు చేసిన రోజులకు జీతం ఇస్తున్నదో లేదో తేల్చుకోవాలి. తమ అపార్ట్‌మెంటు తదుపరి సర్వసభ్య సమావేశంలో ఏజెన్సీ పీఎఫ్, ఈఎస్ఐ రసీదులు చూపాలని అడగాలి. దీనికి విచారణ గురువుల (మన గుడి ఫాదరు గారి) అనుమతి కూడా అక్కరలేదు. న్యాయమైన సమాజ వ్యవస్థ కోసం నేరుగా పాటుపడే బాధ్యత గృహస్థులదేనని, ఇందాక ఒకరు చెప్పిన బెనెడిక్టు గారి లేఖలోనే ఉంది.

విన్సెంట్ సభ సభ్యుడు:

అమ్మా, నీ మాట బరువైనదే. కానీ రసీదులు అడిగిన ఏడాదిలో ఏజెన్సీ పాత కూలీలను తీసేసి కొత్తవారిని తెచ్చుకుంటే, రోడ్డున పడిన ఇంటికి ఆ నెల బియ్యం ఎవరు ఇస్తారు? న్యాయం కోసం పోరాడేవారి వెనుక సంచి పట్టుకున్నవాడు ఒకడు ఉండాలి.

పౌరకార్మికురాలి కొడుకు:

ఇంతవరకు రాసినవారందరికీ నమస్కారం. నేను ఆ సంచి అందుకున్న ఇంటివాడిని. మా అమ్మ ఈ నగరంలో వీధులు ఊడ్చే పౌరకార్మికురాలు. మేము తెలుగువాళ్లం, కతోలికులం, దళితులం. ఈ నగరపు పౌరకార్మికులలో తెలుగు మాట్లాడే దళిత స్త్రీలు ఎంతమంది ఉన్నారో మీరు మీ వీధిలోనే ఉదయం గమనించవచ్చు.

సంచి గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను, మా అమ్మకు సంచి కావాలి. దుప్పటి మంచిదైతే ఇంకా ఇష్టం. దానివల్ల మా ఆత్మగౌరవం దెబ్బతిన్నదని మా తరఫున మీరు బాధపడనవసరం లేదు. మాకు గుచ్చుకునేది మరొకటి. ఈ చర్చలో మేము సేవ పొందేవాళ్లం, మీరు సేవ చేసేవాళ్లు. మా ఇళ్ల లైనులో ఎవరికైనా కాన్పు కష్టమైతే రాత్రికి రాత్రి ఆడవాళ్లు చీటీ డబ్బు తీసి ఆటో ఎక్కిస్తారు. కాంట్రాక్టరు జీతం ఆపితే పదిమంది కలిసి వెళ్లి నిలదీస్తారు. 2022 జూలైలో పౌరకార్మికులు వేలమంది తమ ఉద్యోగాలు క్రమబద్ధం చేయాలని సమ్మె చేసినప్పుడు, మా అమ్మ జపమాల మెడలో వేసుకుని ఫ్రీడమ్ పార్కులో కూర్చుంది. వైట్‌ఫీల్డ్ అక్క చెప్పిన ఎనిమిదవ అంశం ఆమె చదవలేదు. కానీ కారణాలను తొలగించే పని అంటే అది కాక మరేమిటి? ఆ నాలుగు రోజులలో మన సంఘం నుంచి ఒక మంచినీళ్ల క్యాను అయినా రాలేదు.

2022 మే 15న పునీతుడైన దేవసహాయం గారి పటం మన గుడిలో ఉంది. భారతదేశపు గృహస్థులలో మొదటి పునీతుడని గర్వంగా చెప్పుకుంటాము. తిరువాన్కూరు రాజభవనంలో ఉద్యోగి అయిన ఆయన, కులం పాటించకుండా తక్కువ కులాలవారితో సమానంగా మెలిగినందుకు కూడా పగ తెచ్చుకున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మేము క్రైస్తవులమైనందుకు షెడ్యూల్డు కులాల హోదా లేకుండా చేసింది. క్రైస్తవులలో మా హోదా ఏమిటో మాత్రం మన కార్యవర్గం జాబితా చూస్తే తెలుస్తుంది.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో సరిగ్గా ఈ గొడవే ఉంది. రోజువారీ పంపకంలో తమ విధవరాళ్లకు అన్యాయం జరుగుతున్నదని గ్రీకు మాట్లాడేవారు సణిగారు. అపొస్తలులు సంచులు పెంచలేదు, ఏడుగురిని ఎన్నుకోమన్నారు, ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. కార్యవర్గ సమావేశం ఆదివారం ఉదయం పెడుతున్నారు. మా అమ్మలాంటివారు ఆ సమయానికి చీపురు పట్టుకుని రోడ్డు మీద ఉంటారు. సాయంత్రానికి మార్చండి. సంచి ఆపాలో ఉంచాలో అక్కడికి వచ్చిన ఆడవాళ్లు చెబుతారు.

సువార్తే ముందు:

తమ్ముడూ, మీ లైనులో పిల్లలకు తెలుగులో ఉపదేశం చెప్పగలవారు ఎవరైనా ఉన్నారా?

పౌరకార్మికురాలి కొడుకు:

ఉన్నారన్నయ్యా. మా పిన్ని ప్రతి శనివారం సాయంత్రం చెబుతున్నది. ఆమెకు పుస్తకాలు కావాలి.

మారతహళ్లి నివాసి:

సంచులు ఆపాలన్న నా ప్రతిపాదనను ఉపసంహరించుకోవడం లేదు గానీ, దానిపై ఓటింగు ఇప్పుడు పెట్టను. వచ్చే నెల సమావేశాన్ని ఆదివారం సాయంత్రం అయిదింటికి మార్చవలసిందిగా కార్యదర్శి గారిని కోరుతున్నాను, షెడ్ల నుంచి, పౌరకార్మికుల లైన్ల నుంచి కనీసం నలుగురిని కార్యవర్గంలోకి ఎన్నుకోవాలన్నది మొదటి అంశంగా పెడుతున్నాను. పుస్తకాల ఖర్చు నేను చూసుకుంటాను. వైట్‌ఫీల్డ్ సోదరి చెప్పిన రసీదుల సంగతి రెండవ అంశం. దాని మీద ఇంతవరకు ఒక్క అపార్ట్‌మెంటు కార్యదర్శి కూడా ఇక్కడ స్పందించలేదని గమనించగలరు.

లీజియన్ అమ్మ:

రేషన్ కార్డుల మాట మరచిపోకు నాయనా. ఇటుకలు, సిమెంటు మోసి చేతులు అరిగిపోయినవారికి యంత్రంలో వేలిముద్ర పడక వట్టి చేతులతో తిరిగి రావడం నేను చూశాను. దుకాణం వరకు వెంట వెళ్లి, ఆధార్‌లో వేలిముద్రలు మళ్లీ నమోదు చేయించేవారు కావాలి. అది వస్తువు ఇవ్వడం కాదు కాబట్టి మా నియమానికి అడ్డు రాదు, మా దళంలో ఇద్దరం వస్తాము.