పిస్టల్ మార్చాలా, ఇదే పెట్టుకుని ప్రాక్టీస్ చేయాలా?

కొర్లగుంట టీచర్ (తిరుపతి):
అందరికీ నమస్కారం. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సాయంత్రాలు పది మీటర్ల ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్‌కి వెళ్తుంటాను. నాది మన దేశంలోనే తయారైన పీసీపీ పిస్టల్ (సిలిండర్‌లో ముందే గాలి నింపుకునే రకం). 60 షాట్ల మ్యాచ్‌లో స్కోరు 600కి 530 దగ్గర ఆగిపోయింది, ఎంత చేసినా పైకి కదలడం లేదు. చిత్తూరులో ఒక సీనియర్ తన పాత ఆస్ట్రియా పిస్టల్ స్టెయర్ ఎల్‌పీ10ని లక్షా ముప్పై వేలకు ఇస్తానంటున్నారు. ఇంట్లో వద్దనలేదు. కానీ అది అమ్మాయి ఇంటర్ ఫీజు కోసం కడుతున్న చీటీ డబ్బు.

నా షీట్ల సంగతి చెబుతాను. పది షాట్ల సీరీస్‌లో ఏడు షాట్ల దాకా నలుపు మధ్యలో గుంపుగానే పడతాయి. మిగతావి ఎడమవైపు కిందికి, ఏడు, ఎనిమిది రింగుల్లోకి పోతాయి. నాది కుడిచేతి వాటం. గ్రిప్ నా చేతికి పెద్దది. అరచేయి ఆనే కింద పలకను ఎంత పైకి బిగించినా చిటికెన వేలి దగ్గర సందు మిగులుతుంది, ఆఖరి సీరీస్‌లకు మణికట్టు లాగేస్తుంది. రేంజ్‌లో అందరూ ‘మార్చేయండి మేడమ్’ అంటున్నారు. స్కోరు పెరగాలని నాకు చాలా ఉంది. ఏం చేయమంటారు?

పదో రింగు (చిత్తూరు):
అమ్మా, తొందరపడకండి. పిస్టల్‌లో లోపముంటే షాట్లు నాలుగు వైపులా చెదురుతాయి. ఏడు ఒకచోట పడి, మిగతావి ప్రతిసారీ ఒకే మూలకు పోతుంటే బ్యారెల్‌ని అనుమానించక్కర్లేదు. కుడిచేతి వాళ్లకు ఎడమ కింది మూల అంటే చాలావరకు ట్రిగ్గర్‌దే. నొక్కేటప్పుడు మిగతా వేళ్లు కూడా బిగుసుకోవడమో, చూపుడు వేలు నేరుగా వెనక్కి కాకుండా పక్కకు తోయడమో జరుగుతుంది.

లెక్కల టీచరు కాబట్టి లెక్కలోనే చూడండి. గురి చూసే రెండు సైట్ల (ముందుది, వెనకది) మధ్య దూరం 32 సెంటీమీటర్లు అనుకుందాం. ఫ్రంట్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు తిరిగితే టార్గెట్ మీద అది 31 మిల్లీమీటర్లవుతుంది. పదో రింగు మొత్తం వెడల్పే 11.5 మిల్లీమీటర్లు. పది పడాల్సిన షాట్ ఏడుకు పోతుంది. అదే సైట్లు రెండూ కలిసే ఉండి చెయ్యి మొత్తం ఒక మిల్లీమీటరు జరిగితే అక్కడా ఒక మిల్లీమీటరే. కాబట్టి చెయ్యి ఊగుతోందని టెన్షన్ వద్దు. చూపు ఫ్రంట్ సైట్ మీద ఉండాలి, నల్ల చుక్క మసగ్గా కనబడాలి. షీట్ తిరగేసి తెల్లవైపు కాల్చండి. రోజూ ఇంట్లో గోడ ముందు డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) చేయండి. ట్రిగ్గర్ పడ్డాక కూడా సైట్ కదలకపోతే వేలు దారిలో పడినట్టే.

గ్రిప్ మాత్రం నిజమైన ఇబ్బందే. ఎపాక్సీ పుట్టీతో ఆ సందు నింపి, చేతి అచ్చు తీసుకుని, ఆరాక ఎమరీ పేపరుతో రుద్దండి. మణికట్టుకు మాత్రం ఎక్కడా ఆనకూడదు, రూల్ ఒప్పుకోదు. ట్రిగ్గర్ బరువు కూడా తూయించండి. రూల్ ప్రకారం కనీసం 500 గ్రాములు చాలు. మీది అంతకంటే బాగా ఎక్కువుంటే తగ్గించుకోవచ్చు.

రేణిగుంట 177:
సార్ చెప్పింది నిజమే, కానీ పిస్టల్‌ది ఏమీ లేదనుకోవద్దు అక్కా. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్‌కి క్వాలిఫికేషన్ మధ్యలోనే పిస్టల్ పాడై టైమ్ పోయింది, ఫైనల్ కూడా పోయింది. 2024లో పారిస్‌లో ఆవిడే 580 కొట్టి ఫైనల్‌కి వెళ్లి కాంస్యం తెచ్చింది. నమ్మకంగా పనిచేసే పిస్టల్ కావాలి. మీది మొరాయించట్లేదుగా? ఒకవేళ ఆ పాత స్టెయర్ కొన్నా ముందు సిలిండర్ మీద తేదీ చూడండి. పదేళ్లు దాటితే కొత్త సిలిండర్ ఖర్చు కూడా కలుపుకోవాలి. అసలు ముందు దాంతో ఒకసారి కాల్చి చూడండి, మీదాన్ని ఇంకెవరైనా బాగా కాల్చేవాళ్లకివ్వండి.

కొర్లగుంట టీచర్:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఆదివారం చిత్తూరు వెళ్లి స్టెయర్‌తో కాల్చి వచ్చాను. మణికట్టు లాగలేదు, గ్రిప్ చిన్నది, హాయిగా ఉంది. కానీ షాట్లు అదే ఎడమ కింది మూలకు పోయాయి. మా రేంజ్‌లో ఒక ఇంటర్ కుర్రాడు నా పిస్టల్‌తో సీరీస్ అంతా తొమ్మిదులు, పదులే కొట్టాడు. సీనియర్‌కి ఇప్పుడు కొననని చెప్పేశాను, ఆయన ఏమీ అనుకోలేదు. చీటీ డబ్బు ఫీజుకే.

పదో రింగు సార్, పుట్టీ ఒకేసారి మందంగా పెట్టాలా, పల్చగా పొరలు పొరలుగా వేయాలా? బొటనవేలి వైపు కూడా నింపాలా, చిటికెన వేలి దగ్గర చాలా?